కోతి కొమ్మచ్చి, పాకుడురాళ్ళు పక్కపక్కన పెట్టుకుని చదివా (ఇంకొన్ని పుస్తకాల సంగతి కూడా)

ముందే చెప్పేస్తున్నా, ఈ రెండిట్లో ఏదో ఒకటే చదివి ఆపేసేటట్టయితే అసలు మొదలుపెట్టొద్దు. ముళ్ళపూడి వెంకటరమణ గారి ఆత్మకథ కోతి కొమ్మచ్చి ఒక్కటే చదివితే అబ్బ, ఆ రోజుల్లో మనోళ్లు మద్రాసులో కడుపు మాడినా ఎంత సరదాగా బతికారో అనిపిస్తుంది. రావూరి భరద్వాజ గారి నవల పాకుడురాళ్ళు ఒక్కటే చదివితే సినిమా స్టూడియోలున్న కోడంబాకం వైపు బస్సెక్కాలంటేనే రోత పుడుతుంది. ఒకే ఊరు, ఒకే సినిమా లోకం, కాలం కూడా అటూఇటూగా ఒకటే. నేను ఈ మధ్య రెండూ కలిపే చదివా, పొద్దున ట్రైన్లో ఇది, రాత్రి పడుకోబోయే ముందు అది, ఎందుకంటే పాకుడురాళ్ళు లావు పుస్తకం, నిలబడి ఒంటి చేత్తో పట్టుకుని చదివే రకం కాదు. అట్టా కలిపి చదివినందువల్లే రెండూ నాకు బాగా ఎక్కాయని గట్టిగా చెప్పగలను.

నాది సూళ్లూరుపేట వైపు. ఉద్యోగం గిండీలో, కాపురం క్రోంపేటలో. శనివారం ఊరికి పోవాలంటే సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కాలి, గుమ్మిడిపూండి దాకా నిలబడే చదవాలి, అక్కడ జనం దిగిపోయాక కాళ్లు చాపుకుని చదవొచ్చు. నా తెలుగు చదువంతా ఈ ట్రైన్ల పుణ్యమే. ఆఫీసులో ఇంగ్లీషు, బయట అరవం, ఇంట్లో పిల్లలు ఆ రెండూ కలిపి కొడతా ఉంటారు, ఇంక తెలుగు అక్షరం కంట్లో పడేది పుస్తకంలోనే.

సరే, కోతి కొమ్మచ్చి. ఆత్మకథ అంటారు గానీ పుట్టాను, పెరిగాను, చదివాను, ఉద్యోగంలో చేరాను అనే లైన్లో పోదు. పేర్లోనే చెప్పేశారు ఆయన, చెట్టెక్కి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకే పిల్లలాట అది. ఒక జ్ఞాపకం చెప్తా చెప్తా మధ్యలో ఇంకోటి గుర్తొస్తే అటు దూకేస్తారు, మళ్లీ మొదటిదానికి వస్తారో రారో మన అదృష్టం. స్వాతి వీక్లీలో సీరియల్‌గా వచ్చింది, 2009లో పుస్తకం అయింది, తర్వాత ఇంకోతి కొమ్మచ్చి, ముక్కోతి కొమ్మచ్చి అని ఇంకో రెండు భాగాలు. బాపు గారి బొమ్మలుంటాయి, వేరే చెప్పక్కర్లేదు కదా.

ఆయన పుట్టింది ధవళేశ్వరంలో, 1931లో. చిన్నతనంలోనే తండ్రి పోయారు, తల్లి పిల్లల్ని తీసుకుని మద్రాసొచ్చింది. ఇక్కడ్నించీ ఉంటుంది చూడండి అసలు సంగతి. అద్దె కట్టలేక ఇళ్లు మారడం, తిండికి కటకట, ఒకరింటి మెతుకులు ఇంకొకరింటి దయ, ఇదంతా ఇంకెవరైనా రాస్తే మనం కళ్లు తుడుచుకుంటా చదవాలి. ఈయన రాస్తే ఫక్కున నవ్వొస్తుంది, ట్రైన్లో ఎదురు సీటాయన మనల్ని అదోలా చూస్తాడు. నవ్వాక రెండు లైన్లు దాటేసరికి, అవునూ, ఈ పిల్లాడు ఈ పూట తిన్నట్టేనా లేదా అని వెనక్కి పోయి చూసుకుంటాం. తినలేదు. ఆ మాట పైకి చెప్పకుండా దాటేసి ఉంటారు. ఆకలిని దాచిపెట్టడానికే జోకు వేశాడని తెలిశాక ఆ పేజీ మళ్లీ చదివితే అంత నవ్వు రాదు. ఋణానందలహరిలో అప్పుల అప్పారావుని చూసి నవ్వుకున్నవాళ్లందరూ ఈ పుస్తకం చదవాలి, అప్పు మీద అన్ని జోకులు ఎక్కడ్నించి పుట్టాయో తెలుస్తుంది.

బాపు గారితో స్నేహం కూడా ఇక్కడే, మద్రాసులో స్కూల్ రోజుల్లోనే. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు నడిపిన బాల పత్రికలో 1945లో ఈయన మొదటి కథ అచ్చయింది, అంటే పద్నాలుగేళ్లకి. మా పెద్దోడికి ఇప్పుడు పద్నాలుగు, వాడు ఈ మధ్య రాసింది వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే. తర్వాత ఆంధ్రపత్రికలో ఉద్యోగం, బుడుగు, ఆ తర్వాత సినిమాలు. ఆంధ్రపత్రిక కాలం నాటి కబుర్లు నాకు సినిమా కబుర్ల కంటే ఎక్కువ నచ్చాయి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో మొదలుపెట్టి 1914లో మద్రాసుకి తెచ్చిన పత్రిక అది, ఆ అమృతాంజనం నాగేశ్వరరావు గారే. ఆ ఆఫీసులో సబ్ ఎడిటర్లు, ప్రూఫులు, డెడ్‌లైన్లు, జీతం రాకముందే అయిపోయే జీతం, ఇవన్నీ చదువుతా ఉంటే తంబుచెట్టి వీధి వైపు వెళ్లినప్పుడల్లా ఆ రోడ్డుని ఇంకోరకంగా చూడబుద్ధేస్తుంది.

ఇప్పుడు తిట్లు. ఒకటి, పేర్లు. పేజీకి పది పేర్లు దొర్లుతాయి, వాళ్లెవరో ఒక్క ముక్క పరిచయం ఉండదు. ఆదుర్తి, ఆత్రేయ, చక్రపాణి లాంటి పేర్లయితే మనకి తెలుసు, మిగిలినవాళ్ల సంగతేంటి? స్వాతిలో వారం వారం చదివిన ఆ తరం పాఠకులకి అక్కర్లేకపోయుండొచ్చు, ఇప్పుడు ముప్పై ఏళ్ల లోపు వాళ్లు చదవాలంటే ఫోన్ పక్కన పెట్టుకుని వెతుక్కుంటా చదవాలి. పుస్తకం వెనకాల పేర్ల పట్టిక ఒకటి వేస్తే ఏం పోయింది. రెండు, మూడో భాగానికి వచ్చేసరికి దూకుడు తగ్గింది, కొన్ని సంగతులు అంతకుముందు చదివామే అనిపిస్తుంది. మూడు, ఇది కొంచెం పెద్ద విషయం, ఈయనకి అందరూ మంచోళ్లే. మోసం చేసినోడి గురించి కూడా ముద్దుగా రాస్తారు. డబ్బు పోయిన సంగతి చెప్తారు, ఎట్టా పోయిందో చెప్పబోయి జోకేసి పక్క కొమ్మకి దూకేస్తారు. మర్యాదస్తుడు, కాదన్ను. కానీ ఆ మర్యాద వల్ల మనకి దక్కని పేజీలు చాలా ఉన్నాయని రాత్రిపూట పాకుడురాళ్ళు తెరిచినప్పుడల్లా అనిపించేది.

పాకుడురాళ్ళకి వద్దాం. ముందు కృష్ణాపత్రికలో మాయ జలతారు అనే పేరుతో సీరియల్‌గా వచ్చింది, పాకుడురాళ్ళు అన్న పేరు శీలా వీర్రాజు గారు పెట్టింది. ఆయనకి దండం పెట్టాలి, మాయ జలతారు అంటే ఎవరు గుర్తుపెట్టుకునేవాళ్లు. భరద్వాజ గారికి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం ఇచ్చారు, 2013లో ప్రకటించారు, ఆ అక్టోబర్లోనే ఆయన పోయారు. ఈ నవలకే జ్ఞానపీఠం వచ్చిందని చాలామంది అంటా ఉంటారు, అది ఒక్క పుస్తకానికిచ్చేది కాదు, మొత్తం రాసినదానికి. హైస్కూల్ కూడా దాటని చదువు, కూలిపనులు చేసి, ఆకలి చూసి పైకొచ్చిన మనిషి. అంటే చూడండి, ఆకలి సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకాయన దాన్ని నవ్వు కింద దాచాడు, ఇంకొకాయన ఎక్కడా దాచలేదు, మనల్ని ఊపిరి కూడా తీసుకోనివ్వకుండా చెప్పాడు.

కథ పైకి సింపులే. గుంటూరు వైపు నాటకాలాడే పిల్ల మంగమ్మ మద్రాసొచ్చి మంజరి అవుతుంది, పెద్ద స్టార్ అవుతుంది. మనం ఇట్టాంటి కథ సినిమాల్లో చాలాసార్లు చూశాం, అమాయకురాలు వస్తుంది, మోసపోతుంది, ఏడుస్తుంది. ఇక్కడ అట్టా కాదు, అదే నన్ను కూర్చోబెట్టింది. మంజరి బాగా తెలివైంది. తనని ఎవడు ఎందుకు పైకి లాగుతున్నాడో ఆమెకి తెలుసు, వాడి అవసరం తీరేలోపే తన అవసరం తీర్చుకోవాలనీ తెలుసు. ఒకడి భుజం మీద కాలు పెట్టి పైకెక్కాక వాడి వైపు తిరిగి చూడదు. చదివే మనకి ఒకచోట ఆమె మీద జాలేస్తుంది, తర్వాతి చాప్టర్లో ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత, సరే నువ్వయితే ఏం చేసేవాడివిరా అని మనల్ని మనమే అడుక్కుంటాం. చివర ఏమవుతుందో చెప్పను, చదవనివాళ్లు నెట్లో కూడా వెతకొద్దు, అన్నిచోట్లా మొదటి పేరాలోనే చెప్పేసి ఉంటారు దరిద్రం.

నాకు బాగా నచ్చింది మొదటి భాగం, నాటకాల రోజులు. మద్రాసొచ్చి పేరు తెచ్చుకున్నాక కథ పరిగెత్తుతుంది, బాగానే ఉంటుంది, కానీ ఆ నాటకాల మనుషుల్లో ఉన్న ప్రాణం సినిమా మనుషుల్లో అందరికీ లేదు. నిర్మాతలు కొంతమంది ఒకడికొకడు నకలు, పేరు మార్చి ఇంకోడి డైలాగు పెట్టినా తేడా తెలీదు. సంభాషణలు మాత్రం, బాబోయ్, పేజీలకు పేజీలు. ఒక మనిషి ఇంకో మనిషికి జీవితం గురించి లెక్చర్ ఇస్తా ఉంటే ఆ రెండో మనిషి కాఫీ కూడా తాగకుండా వింటానే ఉంటాడు. వారం వారం సీరియల్ కదా, అప్పట్లో చెల్లుండొచ్చు. ఇప్పుడు ఎడిటర్ ఎవరైనా కూర్చుని ఐదోవంతు కోసేస్తే ఇంకా పదునుగా ఉండేది. ఈ మాటంటే పెద్దోళ్లు కొడతారేమో, అయినా అంటున్నా.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు, నేను బాబాయ్ అంటాను. కుర్రతనంలో వడపళని స్టూడియోల్లో లైట్‌మ్యాన్‌గా చేరి, తెలుగు సినిమా హైదరాబాద్ పోతా ఉంటే తాను పోకుండా అరవ సినిమాలకి లైట్లు మోస్తా ఇక్కడే ఉండిపోయాడు. నా చేతిలో ఈ పుస్తకం చూసి, "ఏందబ్బాయ్, ఇప్పుడా చదివేది ఇది? మేం సెట్లో చేతులు మార్చుకుని చదివాం. ఈ మంజరి ఫలానా ఆమే అని పందేలు కూడా కట్టుకున్నాం" అన్నాడు. ఎవరంటారు బాబాయ్ అనడిగితే, "అందరూ" అని నవ్వాడు. కాసేపాగి, "అయినా రాసినోళ్లందరూ హీరోయిన్ గురించే రాస్తారబ్బాయ్. ఎండలో ఆమెకి గొడుగు పట్టుకుని నిలబడే పిల్ల ఒకతి ఉంటది చూడు, దాని మొహాన ఎండ కొడతానే ఉంటది. దాని గురించి ఎవడు రాశాడు?" అన్నాడు. నేను కోతి కొమ్మచ్చి కూడా ఇచ్చా ఆయనకి. ఇంకా తిరిగివ్వలేదు, అడగాలంటే మొహమాటం.

ఆ గొడుగు మాట మాత్రం కరెక్టే అనిపించింది. కోతి కొమ్మచ్చిలో ఆడవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు అమ్మలు, ఇల్లాళ్లు, పేరున్న తారలు. పాకుడురాళ్ళలో ఆడమనిషే కథంతా, కానీ పైకెక్కిన ఒక్క ఆడమనిషి. కిందే ఉండిపోయినవాళ్ల కథ ఈ రెండిట్లోనూ పక్క నుంచి అట్టా కనపడి పోతుంది అంతే. ఎవరన్నా రాసుంటే చెప్పండి, చదువుతా.

చదువుతా చదువుతా ఒకరోజు పనిగట్టుకుని వడపళని పోయి చూసొచ్చా. విజయా వాహినీ అంటే అప్పట్లో ఆసియాలోనే పెద్ద స్టూడియో అనేవాళ్లు, ఇప్పుడక్కడ విజయా మాల్, హాస్పిటల్. 1947 జులైలో మొదలైన చందమామ ఆఫీసు కూడా ఆ పక్కనే ఉండేది. పానగల్ పార్క్ సంగతి చెప్పక్కర్లేదు, మెట్రో కోసం తవ్వి పెట్టారు, మన రచయితలూ సినిమావాళ్లూ సాయంత్రాలు చేరి కబుర్లాడుకున్న పార్కు అని అక్కడ నిలబడి ఎవరికైనా చెప్తే నమ్మరు. ఆ పానగల్ రాజా గారు కూడా తెలుగాయనే, 1921 నుంచి 1926 దాకా మద్రాసుకి ముఖ్యమంత్రి. నోస్టాల్జియా కొట్టట్లేదు, నాకు అంత సీన్ లేదు, నేనొచ్చేసరికే ఇదంతా అయిపోయింది. పుస్తకంలో ఉన్న ఊరు ఇంకా ఎంత మిగిలిందో చూద్దామని పోయా, పెద్దగా ఏం మిగల్లేదు, ఏవీఎమ్ స్టూడియో ముందు ఆ గ్లోబు తప్ప.

చందమామ అంటే గుర్తొచ్చింది, కొడవటిగంటి కుటుంబరావు గారి చదువు కూడా ఈ మధ్యే చదివా. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆయనే చందమామ నడిపింది, పత్రికలో పేరు కూడా వేసుకోకుండా. ఈ నవల వేరే రకం, సుందరం అనే పిల్లాడు అక్షరాభ్యాసం నుంచి పెద్ద చదువుల దాకా పోతాడు, ఆ చదువుకీ బతుక్కీ సంబంధం లేదని మెల్లగా తెలుస్తుంది మనకి. పెద్ద సంఘటనలు ఏమీ ఉండవు. గొంతు పెంచని రచన, భరద్వాజ గారి తర్వాత చదివితే చెవులకి హాయి. కొంతమందికి బోర్ కొట్టొచ్చు, మా ఆవిడకి కొట్టింది. పిల్లల్ని కోచింగుల్లో పడేసినోళ్లు మాత్రం చదవండి, అంతకంటే ఎక్కువ చెప్పను.

ఇప్పుడు అరవం నుంచి వచ్చిన పుస్తకం. జయమోహన్ రాసిన అఱం కథలు అవినేని భాస్కర్ గారి తెలుగులో నెమ్మి నీలం పేరుతో ఛాయా వాళ్లు వేశారు. నిజంగా బతికిన మనుషుల చుట్టూ అల్లిన కథలు. మా ఆఫీసులో ఒక అరవ ఫ్రెండ్ ఎప్పట్నించో చదవరా చదవరా అని ప్రాణం తీస్తున్నాడు, వాడి భాషలో చదివే ఓపిక నాకు లేదు, బోర్డులు చదవడం దాకే నా అరవం. తెలుగులో వచ్చాక సాకు లేకుండా పోయింది.

మొదటి కథలో ఒక రచయిత, పబ్లిషర్ కోసం వందలకొద్దీ పుస్తకాలు రాసి పడేసినవాడు, తనకి రావాల్సిన డబ్బు అడిగితే ఆయన ఇవ్వడు, అవమానించి పంపిస్తాడు. కూతురి పెళ్లి నెత్తి మీదుంది. ఆ పబ్లిషర్ భార్యకి ఈ సంగతి తెలుస్తుంది. ఆమె అరవదు, ఏడవదు, మొగుడితో వాదించదు. నేరుగా పోయి మండుటెండలో తారు రోడ్డు మీద కూర్చుంటుంది, ఆ మనిషి డబ్బు ఇచ్చేదాకా లేవనంటుంది. ఆ ఎండ ఎట్టాంటి ఎండో మద్రాసులో మే నెల చూసినోళ్లకి చెప్పక్కర్లేదు. ఆ సీన్ చదివినప్పుడు నేను ఎగ్మోర్‌లో దిగాల్సిన వాణ్ణి పార్క్ స్టేషన్ దాకా పోయా. ముళ్ళపూడి గారు ఇదే పబ్లిషర్ గురించి రాసుంటే ఆయనతో కలిసి కాఫీ తాగిన సంగతి రాసేవారేమో, భరద్వాజ గారు రాసుంటే ఆమె రోడ్డు మీద కూర్చునేదే కాదు. మూడు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివితే ఇట్టాంటి పిచ్చి ఆలోచనలే వస్తాయి.

తిరువనంతపురంలో హోటల్ నడిపే కెత్తేల్ సాహెబ్ కథ కూడా అందులోదే. బిల్లు ఉండదు, డబ్బాలో ఎంతేస్తే అంత, వెయ్యకపోయినా అడగడు, ఎంత తిన్నావని చూడడు. నాకు అన్నిట్లోకి ఇష్టమైంది ఏనుగు డాక్టర్ కథ. తమిళనాడు ఫారెస్టులో నిజంగా పనిచేసిన వెటర్నరీ డాక్టర్ కృష్ణమూర్తి గారి మీద రాసింది. అడవిలోకి టూర్‌కి పోయినోళ్లు తాగి విసిరేసిన సీసా పెంకులు ఏనుగు కాల్లో దిగితే ఏమవుతుందో, అంత పెద్ద జంతువు ఎట్టా మెల్లమెల్లగా చస్తుందో అందులో ఉంటుంది. దాని తర్వాత ఆఫీసు ట్రిప్పులో ఎవడన్నా సీసా పగలగొడితే ఊరుకోబుద్ధి కాదు. నూరు సింహాసనాలు కూడా చదివి తీరాలి, నాయాడి కులంలో పుట్టి ఐఏఎస్ అయిన మనిషీ, అడుక్కుతినే తల్లీ. కలెక్టర్ కుర్చీలో కూర్చున్నా ఆ మనిషికి కూర్చున్నట్టే ఉండదు.

ఒకటే గొడవ, ఈ జయమోహన్ ప్రతి కథలోనూ మన కాలర్ పట్టుకుని ఏడిపించే ప్రయత్నం చేస్తాడు. రెండు కథల దాకా బాగుంటుంది, వరసగా నాలుగు చదివితే కడుపు నిండా పాయసం తాగినట్టు మొహం మొత్తుతుంది. రోజుకొకటి చదువుకోండి. ఈ మాట మా అరవ ఫ్రెండుతో అంటే, "డేయ్, నీకు గుండె లేదురా" అన్నాడు, రెండ్రోజులు టీకి పిలవలేదు. అనువాదం మాత్రం చాలా బాగుంది, తెలుగులో పుట్టిన కథల్లాగే నడిచాయి, చాలాచోట్ల అరవం అన్న సంగతే మర్చిపోయా.

ఏడిపించకుండా ఇంతకంటే గట్టిగా పట్టుకునేది కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు చదవండి. చిన్న పుస్తకం, ఒక్క రాను పోను ప్రయాణంలో అయిపోద్ది. పందులు కాసే ముసలాయన ఒకడు, తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటా పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. అది అక్కడ ఈని ఉంటుంది. ఇంక రాత్రంతా ఆ ముసలోడు, ఆ తల్లి పంది, పిల్లలు, చుట్టూ నక్కలు. అంతే కథ. ఈనిన పంది తన యజమానినే దగ్గరికి రానివ్వదు, వాడికేమో పిల్లల్ని ఇంటికి చేర్చాలి, వదిలేసి పోలేడు, దగ్గరికి పోలేడు. కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లా మనిషి, ఉద్యోగం మాత్రం ఎక్కడో నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో, కుష్ఠు రోగుల డాక్టర్‌గా. అడవి గురించి, పంది గురించి ఇంత దగ్గరగా ఎట్టా తెలుసో ఆయనకి. చివర్లో ఆ పేరు పెట్టినందుకు ఆయన మీద కోపమొస్తుంది, ఎందుకో చదివినోళ్లకి తెలుసు.

నామిని గారి మిట్టూరోడి కథలు నాకు కొత్త కాదు, మళ్లీ తిరగేశా అంతే. పొద్దు తూర్పున కుంకిందా అన్నంతగా నవ్విస్తాడు, తిరపతి పల్లెల మాట ఉన్నదున్నట్టు దించుతాడు. గుంటూరు, గోదావరి నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కి ఇస్తే అర్థం కాలేదని తిరిగిచ్చేశారు, మాకు మాత్రం సగం మాటలు అవ్వ నోట్లోంచి విన్నవే. పైకి చదివితేనే మజా, కళ్లతో చదివితే సగం పోతుంది.

ఇవి కాక ఒక ఇంగ్లీషు సెల్ఫ్ హెల్ప్ పుస్తకం తెలుగు అనువాదం కూడా కొన్నా, పేరు చెప్పను. రెండు చాప్టర్లకే మూసేశా. ఆ తెలుగు చదివి అర్థం చేసుకోవడం కంటే జీవితంలో ఫెయిలవడమే తేలిక.

కొనే సంగతి. చెన్నైలో తెలుగు పుస్తకం దొరకడం కష్టమే. జనవరిలో నందనం వైఎంసీఏ గ్రౌండ్‌లో బుక్ ఫెయిర్ జరుగుద్ది, వందలకొద్దీ స్టాళ్లు, అందులో తెలుగు ఎక్కడుందో వెతుక్కునేసరికి కాళ్లు పడిపోతాయి. నేనైతే నెల్లూరు, విజయవాడ పోయినప్పుడు సంచీ నింపుకొస్తా, లేదంటే ఆన్‌లైన్. ఈసారి ఆన్‌లైన్లో తెప్పించిన పాకుడురాళ్ళు కాపీలో ఒక ఫారం రెండుసార్లు కుట్టేశారు, దాని తర్వాతి ఫారం లేనే లేదు, కరెక్టుగా కథ ముదురుతా ఉంటే పదహారు పేజీలు గల్లంతు. అమ్మినోళ్లకి ఫొటోలు పంపిస్తే రిటర్న్ టైమ్ అయిపోయిందన్నారు. ఎవడు కొన్న వారంలోపు ఆ పేజీ దాకా చదువుతాడండీ. కొన్నవెంటనే పేజీ నంబర్లు ఒకసారి తిప్పి చూసుకోండి, మన తెలుగు పుస్తకాలకి ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఆ పోయిన పేజీలు చివరికి ఎగ్మోర్ కన్నెమరా లైబ్రరీలో చదివా. 1896లో మొదలైన లైబ్రరీ అది, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఒకటి. అడిగిన పుస్తకం చేతికి రావడానికి కొంచెం టైమ్ పడుద్ది, స్టాఫ్ ఓపిగ్గానే వెతికిచ్చారు. చెన్నైలో ఉండి తెలుగు పుస్తకాలు లేవు లేవు అని ఏడ్చేవాళ్లు ఒకసారి అటు పోయి రండి, ఆదివారం వచ్చిందంటే మాల్‌లో పార్కింగ్ కోసం తిరిగే బదులు.

ప్రస్తుతం ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి మొదలుపెట్టా. 1922లో రాయవేలూరు జైల్లో రాసిన నవల, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. ఇంకా మొదట్లోనే ఉన్నా, రామదాసు ఇల్లు, పొలం పనులు, పాటలు. భాష పట్టుబడటానికి కొంచెం టైమ్ పడుతోంది, దాని రివ్యూ అయ్యాక రాస్తా. ఈలోపు బాబాయ్ దగ్గర నా కోతి కొమ్మచ్చి ఎట్టా రాబట్టుకోవాలో ఐడియా ఉంటే చెప్పండి.